పడుగు తెగని జట్టు

సోలాపూర్ నేతవాడల్లో సాంచ మగ్గం పక్కన రేడియో పెట్టుకుని వింటున్న అన్నలకు, బీడీలు చుడుతూ వింటున్న అక్కలకు, బడి నుంచి వచ్చిన పిల్లలకు ఈ మాటలు.

నాకిచ్చింది పదిహేను నిమిషాలు. ఈ పదిహేను నిమిషాల్లో హాకీ గురించి ఒక్క సంగతి చెప్తాను. ఒక జట్టు పెద్ద పోటీ గెలవాలంటే ఏం కావాలి? మంచి ఆటగాళ్ళు కావాలంటాం. నిజమే. కానీ మంచి ఆటగాళ్ళున్న జట్లు ఎన్నో ఓడిపోయాయి. మరి గెలిచిన జట్టులో అదనంగా ఏముంది? ఆ జట్టు నడుమ కొందరుంటారు. ఆరుగురో, ఎనిమిదిమందో. ఏళ్ళ తరబడి కలిసి ఆడినవాళ్ళు. వాళ్ళ చుట్టూ మిగతా జట్టు అల్లుకుంటుంది. ఆటవాళ్ళు దీన్ని కోర్ అంటారు. కోర్ గ్రూప్ అంటారు.

మన ఇళ్ళల్లో దీనికి అంతకంటే మంచి మాటుంది. పడుగు.

పడుగు, పేక అంటే మన పిల్లలకు వేరే చెప్పక్కర్లేదు. పడుగు నిలువు దారం. ముందే సాగదీసి మగ్గానికి ఎక్కిస్తాం. పేక అడ్డదారం. నాడెలో పోతుంది, వస్తుంది. కండె అయిపోతే ఇంకో కండె పెడతాం. పేక రంగు మధ్యలో మార్చుకోవచ్చు. పడుగును మధ్యలో మార్చలేం. చద్దరు సగం నేశాక పడుగు బాగాలేదని అనుకుంటే లాభం లేదు. హాకీ జట్టులోనూ అంతే. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. నడుమ ఉన్నవాళ్ళు పడుగు. మిగతావాళ్ళు పేక.

ఇందులో ఎక్కువ తక్కువలు లేవు సుమండీ. పేక లేకుండా బట్ట లేదు. కానీ ముందు ఎక్కించేది పడుగే.

సరే, ఆటలోకి వెళ్దాం. 2016 డిసెంబరు 18. లక్నో. జూనియర్ ప్రపంచకప్ ఫైనల్. మన కుర్రాళ్ళు బెల్జియం మీద 2-1 తో గెలిచారు. కోచ్ హరేంద్ర సింగ్. కెప్టెన్ హర్జీత్ సింగ్. అందరూ ఇరవై ఏళ్ళు అటూ ఇటూగా ఉన్న పిల్లలు. ఆ రోజు కప్పు పట్టుకుని ఫొటో దిగినవాళ్ళలో కొన్ని పేర్లు చెప్తాను, వినండి. హర్మన్‌ప్రీత్ సింగ్. మన్‌దీప్ సింగ్. సుమిత్. నీలకంఠ శర్మ. గుర్జంత్ సింగ్. సిమ్రన్‌జీత్ సింగ్. వరుణ్ కుమార్. ఏడుగురు.

ఐదేళ్ళు ముందుకు వద్దాం. 2021 ఆగస్టు 5. టోక్యో ఒలింపిక్స్. జర్మనీతో కాంస్య పతకం పోటీ. ఒక దశలో మనవాళ్ళు 1-3 తో వెనకబడ్డారు. చివరికి 5-4 తో గెలిచారు. 1980 మాస్కో తర్వాత, అంటే 41 ఏళ్ళకు, హాకీలో ఒలింపిక్ పతకం వచ్చింది. ఆ రోజు రెండు గోల్స్ కొట్టింది సిమ్రన్‌జీత్. ఒకటి హర్మన్‌ప్రీత్. ఆ జట్టులో లక్నో పిల్లలు ఎంతమంది? ఇందాక పేర్లు చెప్పిన ఏడుగురూ ఉన్నారు. లక్నోలో పడుగు తోడారు. టోక్యోలో బట్ట దిగింది.

పడుగంటే ఆ ఏడుగురే కాదు. గోల్‌కీపర్ శ్రీజేష్ అప్పటికే పదిహేనేళ్ళుగా జాతీయ జట్టులో ఉన్నాడు. నడిమైదానంలో మన్‌ప్రీత్ సింగ్ ఉన్నాడు. ఇక్కడ కొంచెం ఆగుదాం. హాకీ జట్టుకు పడుగు ఎక్కడ ఉండాలి? గోల్ దగ్గర మొదలుపెట్టి నేరుగా ముందుకు చూడండి. గోల్‌కీపర్. ఆయన ముందు రక్షణలో ఒక గట్టి మనిషి, వీలైతే పెనాల్టీ కార్నర్ కొట్టగలిగినవాడు. నడిమధ్యలో బంతిని పంచేవాడు. ఎదురుగా గోల్ కొట్టేవాడు. గోల్ నుంచి గోల్ దాకా నిలువుగా ఒక గీత. నిలువు దారమే చూడండి. ఆ గీత మీద ఉన్నవాళ్ళు ఒకరి కాలి చప్పుడు ఒకరు గుర్తుపట్టాలి. వెనక్కి తిరిగి చూడకుండానే ఫలానావాడు అక్కడుంటాడని బంతి వదలాలి. అది ఒక్క శిక్షణ శిబిరంలో వచ్చే పని కాదు. ఏళ్ళు పడుతుంది.

ఇప్పుడు మా అమ్మ సంగతి ఒకటి చెప్తాను. నా చిన్నతనంలో అమ్మ అచ్చు అతికేది. మగ్గం మీద పాత పడుగు అయిపోవస్తుంది. పూర్తిగా అయిపోనిచ్చేవాళ్ళు కాదు. జానెడు మిగిలుండగానే ఆపేవాళ్ళు. పాత పోగులు అచ్చు పళ్ళలోంచి బయటికి వేలాడుతూ ఉండేవి. కొత్త పడుగు తెచ్చి ఎదురుగా పెట్టేవాళ్ళు. అమ్మ మగ్గం వెనక చాప వేసుకుని కూర్చునేది. పక్కన చిన్న గిన్నెలో బూడిద. వేలికి బూడిద అద్దుకునేది. పాత పోగు కొస, కొత్త పోగు కొస కలిపి పట్టేది. ఒక్క మెలిక. చిటికెలో రెండూ ఒకటయ్యేవి. తర్వాత పోగు. ఆ తర్వాత పోగు. వందలు, వేలు. పొద్దున కూర్చుంటే పొద్దుగూకేదాకా నడుం ఎత్తేది కాదు. అన్నీ అయ్యాక నాన్న మెల్లగా ముందుకు లాగేవాడు. పాత పోగు ముందు నడిచేది. కొత్త పోగు దాని వెనకే అచ్చు పన్నులోంచి దూరి వచ్చేది. పాతది దారి చూపిస్తే కొత్తది నడిచేది.

పాత పడుగు కత్తిరించి పారేశామనుకోండి. అప్పుడు ఒక్కొక్క పోగునూ మళ్ళీ మొదటి నుంచి అచ్చులో ఎక్కించుకోవాలి. దానికి పట్టే రోజులు, ఆ కంటి నొప్పి, మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు.

ఈ అచ్చు అతికే పని గుర్తుంచుకుని 2024 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్దాం. అక్కడికి పదహారుమంది జట్టు వెళ్ళింది. పదకొండుమంది టోక్యోలో ఆడినవాళ్ళు. ఐదుగురు ఒలింపిక్స్‌కు కొత్త. జర్మన్‌ప్రీత్, సంజయ్, రాజ్‌కుమార్ పాల్, అభిషేక్, సుఖ్‌జీత్. పదకొండు పాత పోగులు, ఐదు కొత్త పోగులు.

క్వార్టర్ ఫైనల్ గ్రేట్ బ్రిటన్ మీద. ఆట మొదలైన పదిహేడో నిమిషంలోనే మన డిఫెండర్ అమిత్ రోహిదాస్‌కు రెడ్ కార్డ్ చూపించారు. హాకీలో నాలుగు పావులు, ఒక్కోటి పదిహేను నిమిషాలు. మొత్తం అరవై. అంటే ఇంకా నలభై మూడు నిమిషాలు మిగిలాయి. పదకొండుమంది ఆడాల్సిన చోట పదిమందే ఆడాలి. మామూలుగా అయితే ఆ జట్టు పని అయిపోయినట్టే. మనవాళ్ళు ఏం చేశారు? హర్మన్‌ప్రీత్ గోల్ కొట్టాడు. అవతలివాళ్ళు ఒకటి కొట్టారు. అక్కడి నుంచి చివరిదాకా ఇంకో గోల్ పడనివ్వలేదు. శ్రీజేష్ గోల్ ముందు నిలబడ్డాడు. ఒకడు లేని ఖాళీని మిగతావాళ్ళు జరిగి జరిగి పూడ్చారు. పోగు తెగితే పక్క పోగులు బట్టను పట్టి ఉంచుతాయి, చూశారా, అలాగ.

తర్వాత షూటౌట్. మనం 4-2 తో గెలిచాం. ఆ నాలుగు కొట్టింది ఎవరో చెప్తాను. హర్మన్‌ప్రీత్. సుఖ్‌జీత్. లలిత్ ఉపాధ్యాయ్. రాజ్‌కుమార్ పాల్. ఇద్దరు పాతవాళ్ళు. ఇద్దరు కొత్తవాళ్ళు. ఆఖరి గోల్ కొట్టింది కొత్తవాడే. ఆ రోజు టీవీ ముందు ఆ నాలుగు పేర్లు నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. నాకు అమ్మ వేళ్ళు, బూడిద గిన్నె గుర్తొచ్చాయి. ఆగస్టు 8న స్పెయిన్ మీద 2-1 తో గెలిచి వరసగా రెండో ఒలింపిక్ పతకం తెచ్చారు. రెండు గోల్సూ హర్మన్‌ప్రీతే కొట్టాడు. శ్రీజేష్ ఆ రోజే ఆట విరమించాడు.

ఇదంతా వింటే పైకి పోవడమే కనిపిస్తుంది. మధ్యలో దెబ్బలు తగల్లేదా? తగిలాయి. టోక్యోలోనే ఆస్ట్రేలియా చేతిలో 7-1 తో ఓడారు. ఆ ఓటమి తర్వాత పదకొండు రోజులకే పతకం. 2023 జనవరిలో ప్రపంచకప్ మన దేశంలోనే జరిగింది. ఒడిశాలో. న్యూజీలాండ్‌తో షూటౌట్‌లో ఓడి, క్వార్టర్ ఫైనల్‌కు కూడా వెళ్ళలేదు. తొమ్మిదో స్థానంతో సరిపెట్టుకున్నారు. కోచ్ గ్రాహం రీడ్ రాజీనామా చేశాడు. క్రెయిగ్ ఫుల్టన్ వచ్చాడు. నేత పని చూపించే మనిషి మారాడు. పడుగు మాత్రం కత్తిరించలేదు. అదే ఏడాది అక్టోబరు 6న హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో జపాన్ మీద 5-1 తో స్వర్ణం గెలిచారు. ఓడిన రోజు పడుగు కత్తిరించకపోవడం, ఇదే అన్నిటికంటే కష్టమైన పని. నా మట్టుకు నేను 2023లో ఆ ఆటగాళ్ళను నమ్మి ఉంచుకోవడమే పారిస్ పతకానికి అసలు కారణమంటాను.

కత్తిరించిన రోజులు కూడా మనం చూశాం. అది చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తి కాదు.

1998 డిసెంబరు. బ్యాంకాక్ ఆసియా క్రీడలు. కెప్టెన్ ధనరాజ్ పిళ్ళై. మనకు దగ్గరివాడే, పుణె పక్క ఖడ్కీలో పుట్టి పెరిగినవాడు. ఆ జట్టులో మన తెలుగువాడూ ఉన్నాడు. హైదరాబాద్ ముఖేష్ కుమార్. 1992, 1996, 2000, మూడు ఒలింపిక్స్ ఆడిన మనిషి. కుడివైపు నుంచి ఆయన పరుగెత్తితే పట్టుకోవడం కష్టం. ఫైనల్లో దక్షిణ కొరియా మీద గోల్‌కీపర్ ఆశిష్ బల్లాల్ షూటౌట్‌లో జట్టును గట్టెక్కించాడు. ఆసియా క్రీడల హాకీ స్వర్ణం 32 ఏళ్ళ తర్వాత మళ్ళీ మన చేతికొచ్చింది. దేశమంతా పండగ చేసుకుంది.

తర్వాత ఏమైంది? ధనరాజ్‌నూ, బల్లాల్‌నూ, వాళ్ళతోపాటు ఇంకొందరు సీనియర్లనూ జట్టు నుంచి తప్పించారు. గెలిచి వచ్చిన జట్టును! అప్పుడు చెప్పిన కారణాలు రకరకాలు. కారణం ఏదైనా కానీ, పడుగు తెగింది. తెగిన పడుగును మళ్ళీ ముడేసుకుంటూ 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌కు వెళ్ళాం. ధనరాజ్ ఉన్నాడు, ముఖేష్ ఉన్నాడు. పోలండ్‌తో ఆట. గెలిస్తే సెమీఫైనల్. 1-0 తో ముందున్నాం. ఇంకా రెండు నిమిషాలు కూడా లేవు. అప్పుడు గోల్ పడింది. 1-1. సెమీఫైనల్ పోయింది. ఏడో స్థానంతో ఇంటికొచ్చాం. ఆ ఒక్క గోల్‌కు ఎవరో ఒకరిని తప్పుపట్టడం న్యాయం కాదు. కానీ ఆఖరి రెండు నిమిషాల్లో జట్టును నిలబెట్టేది కలిసి ఆడిన ఏళ్ళే. ఆ ఏళ్ళను మనమే మధ్యలో తెంపుకున్నాం. ఇప్పటికీ నాకు ఆ బాధ పోలేదు.

అక్కలు వింటున్నారు కదా, ఇప్పుడు అమ్మాయిల జట్టు.

2013లో జర్మనీలోని మొన్షెన్‌గ్లాడ్‌బాఖ్ ఊళ్ళో జూనియర్ ప్రపంచకప్ జరిగింది. మన అమ్మాయిలు ఇంగ్లండ్‌ను షూటౌట్‌లో ఓడించి కాంస్యం తెచ్చారు. ఆ జట్టులో రాణీ రాంపాల్ ఉంది. సుశీలా చాను ఉంది. వందనా కటారియా ఉంది. దీప్ గ్రేస్ ఎక్కా ఉంది. ఈ పిల్లలే 2016లో రియో వెళ్ళిన జట్టుకు నడుం. 36 ఏళ్ళ తర్వాత మన అమ్మాయిలు ఒలింపిక్స్‌లో అడుగుపెట్టారు. ఏం వచ్చింది? పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. ఆఖరిది.

ఇక్కడే వీళ్ళని ఇంటికి పంపేసి ఉంటే? పంపలేదు. టోక్యోకు పదహారుమంది వెళ్తే ఎనిమిదిమంది రియోలో ఆడినవాళ్ళే. మిగతా ఎనిమిదిమంది కొత్త. సరిగ్గా సగం పాత, సగం కొత్త. మొదటి మూడు ఆటలూ ఓడారు. మళ్ళీ చెప్తున్నాను, మూడుకు మూడూ ఓడారు. నాలుగోది ఐర్లండ్ మీద 1-0. ఐదోది దక్షిణాఫ్రికా మీద 4-3, వందన ఒక్కతే మూడు గోల్స్. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను 1-0 తో ఓడించారు. ఆ గోల్ కొట్టిన గుర్జీత్ కౌర్ ఒలింపిక్స్‌కు కొత్త. గోల్ ముందు గోడలా నిలబడిన సవిత రియోలోనూ ఆడిన మనిషి. చివరికి నాలుగో స్థానం. కాంస్యం పోటీలో బ్రిటన్‌తో 4-3 తో ఓడారు. ఆ రోజు మైదానంలో వాళ్ళు ఏడుస్తుంటే మన ఇళ్ళల్లోనూ ఏడ్చారు.

సవిత పేరు చెప్పాను కదా. ఆమె వెనక ఇంకో పేరుంది. ఏతిమరపు రజని. మన తెలుగమ్మాయి. చిత్తూరు జిల్లా పల్లె నుంచి వచ్చింది. ఆమె కూడా గోల్‌కీపరే. హాకీలో గోల్ ముందు ఒక్కరికే చోటు. రియోకూ టోక్యోకూ ఆమె అదనపు గోల్‌కీపర్. ఏళ్ళ తరబడి శిబిరంలో సవితతో సమానంగా కాళ్ళకు ప్యాడ్లు కట్టుకుంది. సవిత ఎదుర్కొన్నన్ని బంతులు తనూ ఎదుర్కొంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన జట్టులో ఇద్దరూ ఉన్నారు. పేపర్లో ఫొటో పడేది ఒకరిది. కానీ శిబిరంలో రోజూ గట్టి పోటీ ఇచ్చే రెండో మనిషి లేకపోతే ఆ మొదటి మనిషికి పదునుండదు. పడుగులో పక్క కొసన కొన్ని పోగులుంటాయి. అంచు పోగులు. చద్దరు పరిచినప్పుడు ఎవరూ వాటిని చూడరు. అంచు లేకపోతే బట్ట విడిపోతుంది. మన అమ్మాయి అలాంటి అంచు పోగు. ఆమె గురించి మన పిల్లలకు చెప్పండి.

ఇంకో సంగతి క్లుప్తంగా. బెల్జియం చిన్న దేశం. 2012 ఒలింపిక్స్‌లో వాళ్ళ పురుషుల జట్టుది ఐదో స్థానం. ఆ కుర్రాళ్ళనే కలిపి ఉంచుకున్నారు. 2016లో రజతం. 2018లో భువనేశ్వర్‌లో ప్రపంచకప్. టోక్యోలో స్వర్ణం. గోల్‌కీపర్ వానాష్, నడిమైదానంలో డోమెన్, డెనాయర్, ఈ పేర్లు ఏళ్ళ తరబడి అవే. గెలిచినా అవే, ఓడినా అవే.

ఇదంతా సోలాపూర్‌లో మనకెందుకు? చెప్తాను. మన వాడల్లో హాకీ మైదానాలు ఎక్కువ లేవు. కబడ్డీ ఉంది. వాలీబాల్ ఉంది. క్రికెట్ సరే సరి. ప్రతి వాడకూ ఒక మండలి, ప్రతి మండలికీ ఒక జట్టు. పోటీ వారం రోజులుందనగా పరుగులు పెడతాం. పక్క వాడ నుంచి ఒకణ్ణి, కాలేజీ నుంచి ఒకణ్ణి బతిమాలి తెస్తాం. గెలిస్తే వాళ్ళు వెళ్ళిపోతారు. ఓడితే మనం తిట్టుకుంటాం. మరుసటి ఏడు మళ్ళీ మొదటి నుంచి. ఏటా పడుగు కత్తిరించుకుని, ఏటా కొత్తగా అచ్చు ఎక్కించుకుంటున్నాం.

నేను చెప్పేది ఒక్కటే. పన్నెండుమందిని ఆడిస్తున్నారా? అందులో ఆరుగుర్ని పట్టుకోండి. అందరికంటే బాగా ఆడేవాళ్ళనే అని నియమం పెట్టుకోకండి. రోజూ వచ్చేవాళ్ళను చూడండి. ఓడిన మర్నాడు కూడా వచ్చేవాణ్ణి చూడండి. తను తప్పు చేస్తే తనదే అని ఒప్పుకునేవాణ్ణి చూడండి. పడుగులో అన్ని పోగులూ ఒకే బిగువున ఉండాలని మనకు తెలుసు కదా. ఒక పోగు మరీ బిగిస్తే తెగుతుంది. ఒకటి వదులైతే బట్ట ముడతపడుతుంది. ఒకణ్ణి ఆకాశానికెత్తి మిగతావాళ్ళను పట్టించుకోకపోతే జట్టూ అలాగే అవుతుంది.

ఆ ఆరుగుర్ని మూడేళ్ళు విడదీయకండి. మూడేళ్ళు. ప్రతి ఏడూ ఇద్దరు చిన్నవాళ్ళను తెచ్చి పెద్దవాళ్ళ పక్కన నిలబెట్టండి. పెద్దవాడు వెళ్ళిపోయాక కాదు, వాడు ఉన్నప్పుడే నిలబెట్టండి. జానెడు పడుగు మిగిలుండగానే అతకాలి. పెద్దవాడు సాంచ పనిలోకి వెళ్ళే ఏడు వచ్చేసరికి చిన్నవాడికి దారి తెలిసుంటుంది.

తల్లిదండ్రులకూ ఒక మాట. పిల్లవాడు ఈ ఏడు ఆడకుండా పక్కన కూర్చున్నాడని మాన్పించకండి. ఆడపిల్ల ఆటకు వెళ్తానంటే పదో తరగతి వచ్చిందని ఆపకండి. ఆ మొన్షెన్‌గ్లాడ్‌బాఖ్ జట్టు పిల్లల ఇళ్ళల్లో ఎవరో ఒకరు ఆపి ఉంటే రాణి లేదు, వందన లేదు, టోక్యో లేదు.

మండలి పెద్దలకు నా మనవి. పోయిన పోటీలో ఓడిన పిల్లల పేర్లు మీ దగ్గర ఉంటాయి. ఆ కాగితం చింపకండి. వచ్చే ఆదివారం పొద్దున్నే అదే పిల్లల్ని మళ్ళీ గ్రౌండుకు పిలవండి. వాళ్ళతోపాటు వాళ్ళ తమ్ముళ్ళను, చెల్లెళ్ళను ఇద్దరిని రమ్మనండి.